లిస్టులో పేరు లేదని కోర్టుకెళ్తే...

నోటీసు బోర్డు మీది కాగితంలో పేరు వెతుక్కోవడం మీకు కొత్తేం కాదు. క్యాంపస్ షార్ట్‌లిస్ట్, ఇంటర్వ్యూ లిస్ట్, మెరిట్ లిస్ట్.. ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అమెరికా హైస్కూళ్లలో అలాంటి కాగితం ఆటల జట్లకూ ఉంటుంది. కోచ్ ట్రయల్స్ పెట్టి స్కూల్ ప్రధాన జట్టును ఎంచుతాడు. దాన్ని వర్సిటీ అంటారు. దాని కింద చిన్నవాళ్లకు జూనియర్ వర్సిటీ. పేరు లేకపోతే పిల్లాడు బాధపడి ఊరుకుంటాడు. కొందరు తల్లిదండ్రులు మాత్రం ఊరుకోరు, లాయర్‌ను పెట్టుకుంటారు.

2018లో మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ శివారు లాడ్యూలో అదే జరిగింది. పదకొండో తరగతి కుర్రాడిని సాకర్ వర్సిటీ జట్టుకు తీసుకోలేదు. పదకొండో తరగతి వాళ్లను జూనియర్ జట్టులో ఆడించే పద్ధతి అక్కడ లేదు. దాంతో రెంటికీ చెడ్డాడు. చిన్నవాళ్లకు ఇచ్చే అవకాశం మావాడికి ఇవ్వలేదంటే అది వయసు వివక్ష, అదే తరగతి అమ్మాయిలను జూనియర్ జట్టులో ఆడనిస్తున్నారు కాబట్టి లింగ వివక్ష కూడా అని కుటుంబం కేసు వేసింది. వాదన తెలివైనదే. కానీ కుర్రాడిని ఆడించమని ఆదేశించడానికి ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు.

అంతకు ఐదేళ్ల ముందు, 2013లో, న్యూజెర్సీలో ఒక తండ్రి ఏకంగా 4 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ప్రాక్టీసుకు సరిగా రావడం లేదని కొడుకును పరుగు పందేల జట్టు నుంచి తీసేశారట. స్కాలర్‌షిప్ అవకాశం పోయిందన్నది ఆయన గోడు.

నవ్వు రావచ్చు. కానీ ఆ స్కాలర్‌షిప్ మాటను తేలిగ్గా తీసేయలేం. అక్కడ కాలేజీ ఫీజులు ఇల్లు గుల్ల చేస్తాయి. ఆటలో రాణిస్తే ఆ భారం తగ్గుతుందన్న ఆశతో చిన్నప్పటి నుంచే క్లబ్బులకు, కోచింగ్‌కు డబ్బు పోస్తారు. తీరా చూస్తే హైస్కూల్ క్రీడాకారుల్లో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్ ఏదో ఒక మేరకు దక్కేది సుమారు 2 శాతం మందికేనని ఆ దేశ కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ లెక్క. ఇంటర్‌లో చేర్చిన రోజు నుంచే ఐఐటీ సీటు లెక్కలు వేసే మన ఇళ్లకు ఈ ఆరాటం అర్థం కాకపోదు.

ఇలాంటి కేసుల్లో అక్కడి కోర్టులు సాధారణంగా చెప్పేది ఒకటే. స్కూల్ జట్టులో ఆడటం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు, ఒక అవకాశం. ఎవరు బాగా ఆడతారో తేల్చాల్సింది కోచ్, జడ్జి కాదు.

అలాగని తల్లిదండ్రుల ఫిర్యాదులన్నీ పుత్రప్రేమే అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియాలో చులావిస్టాలోని క్యాజిల్ పార్క్ హైస్కూల్‌లో అబ్బాయిల బేస్‌బాల్‌కు ఉన్న వసతులు అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కు లేవు. తల్లిదండ్రులు అడిగారు. తర్వాత అమ్మాయిల కోచ్ ఉద్యోగమే ఊడింది. 2007లో విద్యార్థినులు కోర్టుకెక్కారు. విద్యలో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టాన్ని అధికారులు ఉల్లంఘించారనీ, కోచ్‌ను తీసేయడం ఫిర్యాదుకు ప్రతీకారమేననీ 2014లో అప్పీల్ కోర్టు కూడా తేల్చింది. ఏడేళ్లు పట్టింది. కేసు మొదలుపెట్టిన అమ్మాయిలు అప్పటికి ఆ స్కూల్ దాటి వెళ్లిపోయారు.

లాడ్యూ కుటుంబం చట్టం మాటే ఎత్తినా, అసలు అడిగింది ‘మావాడిని ఆడించండి’ అని. క్యాజిల్ పార్క్ వాళ్లు అడిగింది ‘నియమం అందరికీ ఒకటేనా’ అని. రెండో ప్రశ్నకే కోర్టు తలుపు తెరుచుకుంటుందని మా అభిప్రాయం.

ఇది మీకెందుకు అంటారా? తెలంగాణ గ్రూప్-1 గుర్తు తెచ్చుకోండి. పేపర్ లీకై 2022 అక్టోబర్ ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఫలానా అభ్యర్థి సమర్థుడా కాదా అన్న జోలికి కోర్టు వెళ్లలేదు. పరీక్ష పెట్టాల్సిన పద్ధతిలో పెట్టారా లేదా అన్నదే చూసింది. కష్టపడి రాసినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు, మూడోసారి 2024 జూన్ 9న రాశారు. గెలిచిన కేసుకు కూడా ఇంత మూల్యం ఉంటుంది.

లిస్టులో పేరు లేనప్పుడు చాలామంది చేసేది ఇంటికి ఫోన్ కొట్టడం. నాన్న వచ్చి ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని నిలదీస్తాడు. ఆయన ప్రేమను తప్పుపట్టలేం కానీ, రేపు ఆఫీసులో ప్రమోషన్ రాకపోతే ఎవరిని పిలుస్తారు? అందుకే ముందు మీరే ఒక చిన్న మెయిల్ పెట్టండి. కటాఫ్ ఎంత, నాకెంత వచ్చింది, ఎంపికకు ముందే చెప్పిన ప్రమాణాలేమిటి, అవి అందరికీ ఒకేలా పాటించారా? అంతవరకే రాయండి. ‘వాడికెలా వచ్చింది’ అన్న వాక్యం ఉంటే పంపేముందు తీసేయండి. జవాబు రాకపోతే డీన్‌కు రాయండి. ప్రభుత్వ నియామకమైతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. లాయర్ సంగతి ఆ జవాబులు చేతికొచ్చాక చూడొచ్చు.