హాబీ అన్న గడిలో ఏం రాద్దాం?



ఉద్యోగ దరఖాస్తుల్లోనూ బయోడేటాల్లోనూ 'హాబీలు' అని ఒక గడి ఉంటుంది. మన హాస్టల్లో చదివిన వాళ్ళం చాలామందిమి ఆ గడిలో ఒకటే రాశాం. పుస్తకాలు చదవడం, క్రికెట్ ఆడటం, పాటలు వినడం. ఒకరిది చూసి ఇంకొకరం రాశాం. అందులో అబద్ధం లేదు గానీ నిజం కూడా పెద్దగా లేదు. హాబీ అంటే తీరిక ఉన్న ఇళ్ళ పిల్లలకు ఉండేది, మనకు ఉండాల్సింది మార్కులు అని మనకు మనమే తీర్మానించుకున్నాం. ఈ సంచికలో నేను చెప్పదలచుకున్నది ఆ గడి గురించే. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఎలక్ట్రిక్ గిటారును చేత్తో తయారు చేయడం గురించి.

నవ్వేవాళ్ళు నవ్వండి. మా ఇంట్లో కూడా నవ్వారు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి కరెంటు పనిలో స్థిరపడిన మనిషి, ఆదివారం పూట పాత టేకు ద్వారబంధం ముక్కను చిత్రిక పడుతూ కూర్చుంటే మా అమ్మ మాత్రం నవ్వలేదు. "నాయనా, నిన్ను హాస్టల్లో చేర్చింది ఇలాంటి పని చెయ్యకుండా ఉండాలనే గదా?" అంది.

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. మన అమ్మానాన్నల చేతులు కాయలు కాశాయి కాబట్టే, మన చేతులు కాయలు కాయకూడదని మనల్ని ఇక్కడ చేర్చారు. మన ఇళ్ళల్లో చేతిపని ఇష్టపడి చేసింది కాదు, కూలి ఇచ్చేవాడు చెప్పినట్టు చేసింది. అందుకే శ్రమ గొప్పతనం గురించి కడుపు నిండినవాళ్ళు మనకు ఉపన్యాసం ఇస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. నేను చెప్పేది అది కాదు. తనకు ఇష్టమైన వస్తువును, తన కోసం, లెక్క ప్రకారం మొదటి నుంచి చివరిదాకా తయారు చేసుకునే అవకాశం మన పిల్లలకు ఇంతవరకూ అందలేదు. మార్కుల్లాగే, ఉపకార వేతనంలాగే అది కూడా మనకు రావలసిన బాకీ అని నా అభిప్రాయం.

గిటారే ఎందుకు అంటారా? ఒక కథ చెబుతాను. ఇంగ్లండులో లండన్ పక్కన ఫెల్తమ్ అనే చోట బ్రయాన్ మే అనే కుర్రాడు ఉండేవాడు. షాపులో ఉన్న ఎలక్ట్రిక్ గిటారు కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. 1963లో, 16 ఏళ్ళ వయసులో, తండ్రి హెరాల్డ్‌తో కలిసి సొంతంగా ఒకటి చేయడం మొదలుపెట్టాడు. గిటారు మెడకు తెలిసినవాళ్ళ ఇంట్లో చలిమంట గూటి మీద ఉన్న పాత మహాగని పలక దొరికింది. దానికి పురుగు తొలిచిన చిల్లులుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. తీగల లాగుడును అటు మోసే స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు ఇంజనులోవి. తీగల్ని వణికించే చేతికి సైకిలు సీటు వెనక సంచీ తగిలించే కడ్డీ, దాని కొసకు వాళ్ళమ్మ ఊలు అల్లుకునే సూది ముక్క. మెట్ల మీద గుర్తుల కోసం వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు అరగదీసి అమర్చారు. రెండేళ్ళు పట్టింది. తర్వాత అతను క్వీన్ అనే బృందంతో ప్రపంచమంతా వాయించింది ఆ గిటారునే. 2002లో ఇంగ్లండు రాణిగారి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ రాజభవనం కప్పు మీద నిలబడి వాయించిందీ దాన్నే. మధ్యలో ఆపేసిన ఖగోళశాస్త్ర పరిశోధనను 2007లో పూర్తి చేసి డాక్టరేటు కూడా తీసుకున్నాడు. అన్నట్టు, పరిశోధన వదిలి పాటల బృందంలో చేరతానన్నప్పుడు, కలిసి గిటారు చేసిన ఆ తండ్రే బాగా నొచ్చుకున్నాడట. తండ్రులు ఎక్కడైనా తండ్రులే!

ఈ కథను 'డబ్బు లేకపోయినా పట్టుదల ఉంటే చాలు' అని చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ కుర్రాడి దగ్గర లేనిది గిటారు కొనే డబ్బు మాత్రమే. తండ్రి ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి. ఇంట్లో పనిముట్లు ఉన్నాయి. రెండేళ్ళపాటు చెక్కపొట్టు రాలుతున్నా 'ఇదేం పని, పరీక్షలు దగ్గరికొచ్చాయి' అనకుండా పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఉన్నాడు. మనకు తక్కువైంది ఇదీ. పట్టుదలకేం, మన హాస్టల్లో వరండా లైటు కింద చదివి గట్టెక్కినవాళ్ళం ఎంతమందిమి లేం?

అమెరికాలో నల్లవాళ్ళ కథ మనకు ఇంకా దగ్గర. మిసిసిపీ పల్లెల్లో కూలివాళ్ళ పిల్లలు చీపురుకట్టకు చుట్టిన ఇనుప తీగను విప్పి, గుడిసె గోడకు రెండు మేకులు కొట్టి దాన్ని బిగించి, కింద సీసా పెట్టి ఒంటితీగ వాయిద్యం చేసుకునేవారు. డిడ్లీ బో అంటారు దాన్ని. ఎందరో బ్లూస్ విద్వాంసుల మొదటి వాయిద్యం అదే. దాదాపు అదే పేరు పెట్టుకున్న బో డిడ్లీ అనే గాయకుడు మిసిసిపీలో పుట్టి, చికాగోలో వృత్తివిద్య బడిలో చేరి వయొలిన్లు, గిటార్లు చేయడం నేర్చుకున్నాడు. బడి ఇచ్చిన విద్య అది! రాక్ సంగీతానికి పునాది వేసినవాళ్ళలో అతనొకడు. ఇక ఫెండర్ గిటార్ల లియో ఫెండర్ రేడియో రిపేరు మనిషి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ ఆయన కంపెనీదే. ఆయనకు గిటారు వాయించడమే రాదు. కాబట్టి 'మాకు సంగీతం రాదు కదా అన్నా' అనే సాకు చెల్లదు.

గిటారు మనది కాదు, పరాయి వాయిద్యం అనేవాళ్ళకు ఒక మాట. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని ఇంగ్లీషులో ఫ్రెట్లు అంటారు. మన దగ్గర వాటికి ఎప్పటి నుంచో మంచి పేరుంది: మెట్లు. పన్నెండు మెట్ల కిన్నెర పేరు 'భీమ్లా నాయక్' పాట వచ్చాక అందరి నోటా పలికింది. దాన్ని వాయించిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనం, తీగలు, ఇంతే సరుకు. తరతరాలుగా ఆ వాయిద్యాన్ని తామే చేసుకుని తామే వాయించినవాళ్ళు డక్కలివాళ్ళు, అంటే మనవాళ్ళలోనే అందరికన్నా కింద నిలబెట్టబడినవాళ్ళు. డప్పు చేసే చేతులు ఎవరివో మీకు వేరే చెప్పక్కరలేదు. పాలఘాట్ మణి అయ్యర్ పేరు సంగీతం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆయన మృదంగాలు చేసిన పర్లాందు పేరు ఎందరికి తెలుసు? టి.ఎం. కృష్ణ 2020లో ఆ తయారీదారుల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాసేదాకా బయటివాళ్ళకు వాళ్ళ ఊసే లేదు. చేసేవాడు ఒకడు, వాయించేవాడు ఒకడు, చప్పట్లు రెండోవాడికి. ఒకే పిల్లవాడు చెక్కా పట్టాలి, తీగా మీటాలి, లెక్కా తెలియాలి అని నేను గట్టిగా అనేది ఇందుకే.

ఇంకొక సంగతి. మా తాత తరంలో ఉలి, బాడిస మావాళ్ళ చేతికి వచ్చేవి కావు. ఆ పని ఇంకొకరిది, ఆ గడి దాటకూడదు. ఇప్పుడు మా ఊరి వడ్రంగి మేస్త్రీ గారు తన కొట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రంపం పట్టడం నేర్పారు. "మీకెందుకు సార్ ఈ అవస్థ" అంటూనే నేర్పారు. కులం పనిని పంచడం కాదు, పనిచేసేవాళ్ళనే గడుల్లో పెట్టి విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే వాదించారు. ఇష్టపడి ఇంకొక గడిలోకి అడుగుపెట్టడం చిన్న విషయమేమీ కాదు. ఆ అంబేడ్కరే వయసు మీదపడ్డాక వయొలిన్ నేర్చుకున్నారు. అంత పనిలో ఉన్న మనిషికి తీరిక దొరికింది మరి.

సరే, గిటారులో ఉన్న చదువు సంగతికి వద్దాం. మెట్లు ఎక్కడ కొట్టాలన్నది కంటితో చూసి చేసే పని కాదు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.37 వస్తుంది. మొదటి మెట్టు అక్కడ. మిగిలిన 611.63ను మళ్ళీ 17.817తో భాగిస్తే 34.33. అది మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు దూరం. ఇలా పోతూ ఉంటే పన్నెండో మెట్టు సరిగ్గా 324 దగ్గర, అంటే తీగ నడిమధ్య పడాలి. పడకపోతే లెక్కలో ఎక్కడో తప్పుందన్నమాట. పదో తరగతిలో మేము అర్థం కాకుండా బట్టీ పట్టిన గుణశ్రేఢి ఇదే. ఇది చెవికి వినిపిస్తుందని అప్పుడెవరూ చెప్పలేదు. చెక్క మీద గీసేటప్పుడు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలవకూడదు. వెంట్రుకవాసి తేడాలు పోగుపడి చివరికి అపశ్రుతి అవుతాయి. అన్నీ మొదటి అంచు నుంచే కొలవాలి.

ఆరు తీగలూ బిగిస్తే మెడ మీద దాదాపు 45 కిలోల లాగుడు పడుతుంది. మన మెస్సుకు వచ్చే 50 కిలోల బియ్యం బస్తాకు కాస్త తక్కువ. ఆ లాగుడుకు చెక్క వంగకుండా మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ పెడతారు, మర తిప్పి సరిచేసుకునేలా.

నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం పికప్ దగ్గర. తీగ కింద ఉండే అయస్కాంతపు చుట్ట అది. ఉక్కు తీగ వణికితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. ఆ ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగు చేసే కొట్లో పనికి కుదిరి, బైండింగుకొచ్చిన పుస్తకాలు చదివి శాస్త్రవేత్త అయ్యాడు. ఈ చుట్టకు సుమారు 8 వేల చుట్లు కావాలి, తీగ కిలోమీటరు దాకా పడుతుంది. మన ఊళ్ళలో పంపుసెట్టు మోటార్లు వైండింగు చేసే షాపుల్లో చుట్లు లెక్కపెట్టే మిషను ఉంటుంది, అడిగితే వాడుకోనిస్తారు. ఒక జాగ్రత్త. గిటారు పుస్తకాల్లో 42 గేజి అని రాసేది అమెరికా గేజి. మన షాపుల్లో నడిచే బ్రిటిష్ గేజిలో అది దాదాపు 46. మామూలుగా 42 అని అడిగితే అంతకన్నా లావు తీగ చేతిలో పెడతారు, చుట్టలో పట్టదు. చుట్టాక మల్టీమీటరు పెడితే సుమారు 6 వేల ఓములు చూపించాలి. సున్నా దగ్గర నిలబడితే షార్టు, ఏమీ చూపించకపోతే తీగ తెగినట్టు.

డబ్బు ఆదా అవుతుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టను. పాత చెక్క కాకుండా నాకు 8 వేల రూపాయల లోపు అయింది, 14 నెలల ఆదివారాలు పట్టింది. ఆ డబ్బుకు షాపులో కొత్త గిటారే వస్తుంది. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్కటి అంటే కుదరని పని. కానీ పదిమంది కలిసి ఏడాదికి ఒకటి చేయొచ్చు. మార్కులు తగ్గుతాయని భయపడే మాస్టార్లకు నా జవాబు ఏమిటంటే, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల గురించే నేను అడుగుతున్నాను. ఆ రెండు గంటలు ఇప్పుడెలా గడుస్తున్నాయో వాళ్ళకూ తెలుసు.

పాత విద్యార్థులకు నా విజ్ఞప్తి. వార్షికోత్సవానికి ఫ్లెక్సీలకూ శాలువాలకూ ఖర్చుపెట్టే డబ్బులో సగం ఈసారి పనిముట్లకు ఇద్దాం. రెండు రంపాలు, నాలుగు ఉలులు, ఒక చిత్రిక, బిగింపు క్లాంపులు, ఆకురాళ్ళు, సోల్డరింగు ఐరన్, మల్టీమీటరు, కళ్ళద్దాలు. మిషను రంపం, రౌటర్ పిల్లలకు ఇవ్వొద్దు, ఆ పని మేస్త్రీ గారి కొట్లోనే జరగాలి. వార్డెన్ గారు మెస్సు వెనక సామాను గది ఖాళీ చేయిస్తే చాలు. కరెంటు సంగతి నాకు వదిలేయండి. గిటారు తీగలు ఆంప్లిఫయరు ద్వారా ఎర్తుకు కలుస్తాయి కాబట్టి, ప్లగ్గులో ఎర్తు సరిగ్గా లేకపోతే వాయించేవాడికే షాకు కొట్టే ప్రమాదం ఉంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ముందు ఆ గదికి ఎర్తు పరీక్ష చేస్తాను. అది తేలేదాకా 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయరు చాలు, 386 చిప్పుతో మనమే చేసుకోవచ్చు.

పదో తరగతి వాళ్ళు 22 మెట్ల లెక్క రెండు దశాంశాల దాకా వేసి ఉంచండి. ఒకరిది ఒకరు చూసి రాయకండి, పన్నెండో మెట్టు దగ్గర దొరికిపోతారు. మీమీ ఊళ్ళలో పాత ఇల్లు పడగొడుతుంటే నాకు కబురు పెట్టండి. టేకు దొరికితే మంచిది, వేప అయినా పరవాలేదు. మేకులు మాత్రం పీకించి తీసుకురండి.