అక్షరముల వేట

కొన్ని అక్షరములను ముందిడి, అవి యన్నియు గల ఆంగ్లపదములలో మిక్కిలి దీర్ఘమైనదానిని వెదకుడనెడి వినోదము నేడు పిన్నలను పెద్దలను సమముగ నాకర్షించుచున్నది. ఇట్టి క్రీడలకు పత్రికలే పుట్టినిండ్లు. 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు వరల్డు పత్రికలో ఆర్థరు విన్ గళ్లనుడికట్టును ప్రకటించెను. న్యూయార్కు టైమ్సువారు 2018 నుండి అంతర్జాలమున నడుపుచున్న 'స్పెల్లింగ్ బీ'లో ఏడక్షరము లిత్తురు. నడిమి యక్షరము ప్రతిపదమునను ఉండితీరవలయును. పత్రికావృత్తిలో నున్న మేము ఈ వినోదమును నిరసింపబోము. దాని విలువ యెంతవరకో విచారింపగోరుచున్నాము.

ఏ, ఈ, ఐ, ఓ, యూ అను అయిదచ్చులును గల పదము కావలెనన్న 'ఎడ్యుకేషన్' అని బాలుడైనను చెప్పగలడు. అవియే వరుస తప్పక ఒక్కొక్కటి ఒక్కమారే రావలెనన్నచో కొంత తడవికొనవలయును. పరిహాసశీలుని దెలుపు 'ఫెసీషస్', మితాహారిని దెలుపు 'ఎబ్‌స్టీమియస్' అట్టివి. ఆ వరుస తలక్రిందులు కావలెనన్నచో 14 అక్షరముల 'సబ్‌కాంటినెంటల్' కలదు. మన ఉపఖండమునకు జెల్లు విశేషణమే ఇందుల కమరుట ముచ్చటగ లేదా! ఏ యక్షరమును మరల రాని 15 అక్షరముల 'అన్‌కాపీరైటబుల్' ఇంకొక వింత. పాఠకులు ఈ పదములను మా తెలుగు లిపిలో చదివి ఆ యచ్చులను వెదకినచో కానరావు. ఏలయన ఆంగ్లమున వ్రాత యొకటి, పలుకు మరియొకటి. 'ఫెసీషస్'లోని ఓకారము కంటికే గాని చెవికి లేదు.

నేర్పరి యగువాడు అక్షరములను గ్రుడ్డిగా కలియబెట్టడు. పదాంతమున జేరు ప్రత్యయములను, మొదట జేరు ఉపసర్గములను ముందుగ వేరుచేయును. పైన జెప్పిన 15 అక్షరముల పదమునే చూడుడు: 'అన్' నిషేధార్థకము, 'ఏబుల్' శక్యార్థకము, నడుమనున్నది 'కాపీ', 'రైట్' అను రెండు పదముల సమాసము. కృత్తద్ధితములు చదివిన మన విద్యార్థికి ఈ విభాగము క్రొత్త గాదు. ఇట్లు వెదకువానికి పదముల నిర్మాణము తెలియును. ఈ క్రీడవలని నిజమైన లాభ మిదియే యని మా యభిప్రాయము.

అయితే అర్థ మెక్కడ? న్యూజీలాండు దేశీయుడు నైజెల్ రిచర్డ్స్ అక్షరపు పలకల యాటయగు 'స్క్రాబుల్'లో 2015న ఫ్రెంచి ప్రపంచ విజేతయయ్యెను, 2024న స్పానిషు విజేతయయ్యెను. ఆ భాషలలో నాతడు సంభాషింపజాలడు. అట్టి ధారణకు నమస్కరింపవలసినదే గాని, దానిని భాషాజ్ఞాన మనుటకు మా మన సొప్పదు. అర్థ మెరుగక వేదము వల్లించుటను యాస్కుని నిరుక్తమే మెచ్చలేదు గదా! ఇక దీర్ఘతయందును గొప్ప లేదు. 1935లో అమెరికాలోని ప్రహేళికాప్రియుల సంఘాధ్యక్షుడగు ఎవరెట్ స్మిత్, దీర్ఘపదముల నన్నిటిని మించవలెనని 45 అక్షరముల రోగనామము నొకదానిని కల్పించెను. అది నిఘంటువులకు నెక్కినది. ఊపిరితిత్తులలో ఇసుకరాతి ధూళి చేరి వచ్చు ఆ రోగమును వైద్యులు మాత్రము 'సిలికోసిస్' అనియే వ్యవహరింతురు. సమాసముల నెంతదూరమైన పొడిగింపగల సంస్కృతము నెరిగినవారు ఆ 45 అక్షరములను జూచి చకితులు గానక్కరలేదు.

మనవారును అక్షరములతో నాడినారు. మరింగంటి సింగరాచార్యులు 16వ శతాబ్దమున నిరోష్ఠ్యకావ్యమును, అనగా పెదవులు తగులని కావ్యమును రచించెను. ప, ఫ, బ, భ, మలు రాగూడదు. రామకథ చెప్పవలెను, రాముని పేరిట మకారము కలదు! కావ్యమునకు 'దశరథరాజనందన చరిత్ర' యని పేరు పెట్టెను. పాఠకులు పలికి చూడవచ్చును. ఇచట నియమము కవిని అర్థమునుండి తొలగింపలేదు, అర్థమునకు మరియొక త్రోవ వెదకించినది. అవధానమున న్యస్తాక్షరి యట్టిదే: ఫలానా పాదమున ఫలానా చోట ఫలానా యక్షరము రావలెనని పృచ్ఛకుడు నియమించును; అవధాని యక్షరమును నిలిపినంత మాత్రమున చాలదు, పద్యము నిలువవలయును.

ఈనాడు నిఘంటువులోని లక్షలాది పదములను గణనయంత్రము రెప్పపాటులో జల్లించి, కోరిన యక్షరములు గల దీర్ఘపదమును చేతికిచ్చుచున్నది. పదమును దెచ్చుట యింత సులభమైనపుడు, తెచ్చినందులకే బహుమాన మేల? వర్ణక్రమమును తప్పక వల్లించిన బిడ్డకు ఆంగ్లము వచ్చినదని మురియు తలిదండ్రులు, అట్టి పోటీలనే ప్రతిష్ఠగ నెంచు పాఠశాలలు మనకు తక్కువ లేవు. ఆ పిల్లలకు అన్యభాష రాకపోవుటయే గాక, వచ్చినదన్న భ్రమ మిగులుచున్నది. కావున ఉపాధ్యాయులకు మేము విన్నవించున దేమన: గుణములలో సగము పదమునకును సగము అర్థమునకును ఉంచుడు. 'సబ్‌కాంటినెంటల్' వ్రాసిన బాలికను 'సబ్' అన నేమని యడుగుడు. ఊరిలోని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు పలక, తాను వినిన సబ్‌కమిటీ ఆమెకు జ్ఞప్తికి రావచ్చును. వానినుండి మన 'ఉప' శబ్దము తోచును. అపుడు గుణములు వేయుడు.