గర్వం కాపలా కాసిన రహస్యం

చిత్రశాలను రంగస్థలంగా చేసుకొని అపరాధ పరిశోధక నవల వ్రాయబూనిన రచయితకు మొట్టమొదట స్ఫురించేది దొంగతనం. అర్ధరాత్రి, పగిలిన కిటికీ, గోడమీద ఖాళీ చట్రం. అయితే కథావస్తువు అహంకారమైనప్పుడు ఈ సరంజామా అంతగా అక్కరకు రాదు. దొంగను నడిపించేది సాధారణంగా ధనాశ. అహంకారం కథ నడపాలంటే చిత్రం మాయం కాకూడదు. పట్టపగలు, పదిమంది కళ్ళెదుట గోడకు వేలాడుతూనే ఉండాలి. హాలెండులో అటువంటి కథ నిజంగానే జరిగింది.

1889లో జన్మించిన హాన్ వాన్ మీగెరెన్ చేయి తిరిగిన చిత్రకారుడు. కాని పూర్వుల అనుకరణే తప్ప అతనికి స్వంత ప్రతిభ లేదని విమర్శకులు తీసిపారేశారు. ఆ మాట అతని మనస్సులో ముల్లై నాటుకొంది. తనను కాదన్నవారి చేతనే ఔననిపించుకోవాలన్న పంతంతో, 17వ శతాబ్దపు మహాచిత్రకారుడు వెర్మీర్ పేరిట ఒక చిత్రాన్ని సృష్టించడానికి పూనుకొన్నాడు. దక్షిణ ఫ్రాన్సులో మకాం పెట్టి, ఆనాటి పాత కాన్వాసు సంపాదించాడు. నూనె రంగులు పూర్తిగా గట్టిపడడానికి దశాబ్దాలు పడుతుంది. అందుచేత బేకలైట్ తయారీలో వాడే రసాయనాలను వాటిలో కలిపి, చిత్రాన్ని వేడిలో కాల్చి, గుండ్రని కర్రపై చుట్టి పగుళ్ళు పుట్టించాడు. ఎమ్మాయు గ్రామంలో క్రీస్తు భోజనం ఆ చిత్రంలోని విషయం.

1937లో దానిని పరీక్షించినవాడు అబ్రహాం బ్రెడియస్. వయస్సు 82. డచ్ చిత్రకళలో ఆయన మాటకు తిరుగులేదు. అది వెర్మీర్ కళాఖండాలలోకెల్లా శ్రేష్ఠమని ఆయన పత్రికాముఖంగా ప్రకటించాడు. ఐదు లక్షలకు పైగా గిల్డర్లు చెల్లించి కొన్న ఆ చిత్రం 1938లో రోటర్‌డామ్‌లోని బాయ్‌మన్స్ మ్యూజియంలో కొలువుదీరింది. పెద్దాయన పలికిన తరువాత సందేహించడం అజ్ఞానానికి గుర్తయిపోయింది. నేరగాని రహస్యానికి పండితుల గర్వమే కాపలా కాసింది.

నవలా రచయిత గమనించవలసిన మలుపు ఆ తరువాత వస్తుంది. మరొక నకిలీ వెర్మీర్ చిత్రం నాజీ నాయకుడు గోరింగ్ చేతికి చేరినట్లు బయటపడి, 1945లో మీగెరెన్ అరెస్టయ్యాడు. జాతి సంపదను శత్రువునకు అమ్మడం దేశద్రోహం. శిక్ష మరణం కూడా కావచ్చు. ప్రాణం దక్కాలంటే తాను మోసగాడినని ఒప్పుకోవాలి. విచిత్రమేమంటే, ఆ ఒప్పుకోలులోనే అతని అహం కోరుకొన్న విజయమూ ఉన్నది. అతడు నిజం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు! చివరకు కాపలావారి ఎదుట మరొక 'వెర్మీర్'ను చిత్రించి చూపవలసి వచ్చింది. 1947 నవంబరులో ఏడాది జైలుశిక్ష పడింది. అది అనుభవించకుండానే డిసెంబరులో గుండెపోటుతో మరణించాడు. బ్రెడియస్ అంతకుముందే, 1946లో కన్నుమూశాడు. ఆ తరువాత కూడా, ఎమ్మాయు చిత్రం అసలైనదేనని బెల్జియం దేశపు నిపుణుడు జాన్ దెకోన్ వాదిస్తూనే ఉన్నాడు.

ఇట్టి కథలో 'నేరం చేసినదెవరు?' అన్న ప్రశ్న మూడవ అధ్యాయంలోనే తేలిపోయినా నష్టం లేదు. 'ఇందరు చూస్తూ ఎందుకు చూడలేకపోయారు?' అన్నదే పాఠకుణ్ణి చివరివరకు లాక్కుపోవాలి. పరిశోధకునికి సైతం కొంత గర్వం ఉండాలి. లేకుంటే అతడు తీర్పరిగా మిగులుతాడే గాని పాత్ర కాలేడు. మోసపోయిన పండితుణ్ణి మూర్ఖుడిగా చిత్రించడం మరీ పెద్ద పొరపాటు. బ్రెడియస్‌ను పడగొట్టినది జీవితమంతా శ్రమించి గడించిన పాండిత్యమే. తనకు తెలిసినదానిపై నమ్మకం పెరిగినకొద్దీ అతని చూపు మందగించడం పాఠకునికి కనిపించాలి.

చివరి అధ్యాయంలో బేడీలు, తుపాకులు అక్కరలేదు. చిత్రం క్రింది పేరుపలక మార్చితే చాలు. ఎమ్మాయు చిత్రం నేటికీ బాయ్‌మన్స్ మ్యూజియం సేకరణలోనే ఉన్నది, మీగెరెన్ స్వంత పేరుతో.