కాటా ఇటు తిప్పండి
(వాడ లెక్కలు – 9)

"ఏమ్మా, నా మీద నమ్మకం లేదా?"

మా ఊరి కొట్టాయన మా అమ్మను అడిగిన మాట ఇది. పావుకిలో కందిపప్పు పొట్లం చేతికి తేలిగ్గా తగిలిందని, మళ్లీ ఒకసారి కాటా వేయమంది అమ్మ. ఆయన కాటా వేయలేదు. ఖాతా పుస్తకం తీశాడు. "ముందు పాత బాకీ కట్టు, తర్వాత తూకం సంగతి మాట్లాడదాం" అన్నాడు. అమ్మ పొట్లం కొంగులో వేసుకుని వచ్చేసింది. నేను పక్కనే ఉన్నా, ఐదో తరగతి. నమ్మకం అనే మాటకు మా వాడలో నోరు మూసుకోవడమని అర్థం ఉందని ఆ రోజే తెలిసింది.

మిత్రులారా, మన సభల్లో భూమి గురించి మాట్లాడతాం, రిజర్వేషన్ల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి. పది రూపాయల నూనె గురించి మాత్రం మాట్లాడం. కూలి మనిషి బతుకంతా ఆ పది రూపాయల్లోనే గడుస్తుంది. సాయంత్రం కూలి చేతికొస్తేనే రాత్రికి పప్పు. అలాంటి ఇల్లు నెల సరుకులు ఒక్కసారి కొనలేదు. బస్తా కొనేవాడికి కిలో చవక, పావుకిలో కొనేవాడికి అదే కిలో ప్రియం. దానికి తోడు తూకంలో కోత. దానికి తోడు "చిల్లర లేదు, చాక్లెట్ తీసుకో". దానికి తోడు ఎమ్మార్పీ మీద కూలింగ్ ఛార్జి.

లెక్క కట్టండి. పావుకిలోకి పది గ్రాములు తగ్గితే వందకు నాలుగు పోయినట్టు. ధర పెంచకుండానే పెంచడమంటే ఇదే.

"మోసం అందరికీ జరుగుతుంది, ఇందులోకి కులం ఎందుకు తెస్తావ్?" అని అడుగుతారు. చెప్తాను. ఊళ్లో మోతుబరి ఇంటి నుంచి ఇదే పొట్లం వెనక్కొస్తే కొట్టాయన మారుమాట లేకుండా మళ్లీ తూస్తాడు. ఆ ఇంటికి అరువు అక్కర్లేదు, బండేసుకుని టౌనుకు పోయి కొనుక్కోగలదు. మాకు అరువు కావాలి. ఆ అరువు రాసేది ఆయనే, చదివేది ఆయనే, కూడేది ఆయనే. ఇంకో కొట్టుకు పోతానని అనగలిగినవాడి దగ్గరే వ్యాపారి మర్యాదగా ఉంటాడు. చేతికి చేయి తగలకుండా సరుకు పైనుంచి పడేసే చోట, ఆ చేయి కాటా వైపు చూపించి ఎలా అడుగుతుంది?

అడిగితే ఏమవుతుందో మన చరిత్రకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో హత్యాకాండ జరిగింది. అంతకుముందే అక్కడ దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. కత్తి కంటే ముందు పని ఆగిపోతుంది, కొట్టు తలుపు మూసుకుంటుంది. అందుకే బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బహిష్కరణను నేరం చేయాలని రాశారు. రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణం అనే మాట ఊరికే చేరలేదు. సవరించిన అట్రాసిటీ చట్టం 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరమని స్పష్టంగా ఉంది.

"కష్టకాలంలో అరువిచ్చాడు కదా" అంటారు మా పెద్దవాళ్లు. ఇచ్చాడు. కాదనను. ఆ అరువు మీద వడ్డీ కాటాలో వసూలైంది, అది కూడా చెప్పాలి కదా.

చిన్న కొట్టు ఒక్కటే దొంగ అని కూడా నేను అనడం లేదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర అట్లాగే ఉంచి బరువు తగ్గించే కంపెనీలది ఇంకా పెద్ద చేయి. అయితే ఆ ప్యాకెట్ మీద గ్రాములైనా అచ్చేసి ఉంటాయి, చదివి నిలదీయొచ్చు. విడి పప్పుకు ఆ అచ్చు కూడా లేదు. దానికి కాటా ఒక్కటే సాక్షి. ఆ సాక్షి ముఖం ఎప్పుడూ అటే తిరిగి ఉంటుంది.

సంక్రాంతికి ఊరెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు పనులు చెప్తున్నా. సరుకు పెట్టకముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూడండి. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. ఖాతా పద్దును వారం వారం ఫోటో తీసి, ఇంట్లో సొంతంగా ఒక పుస్తకం పెట్టండి. కొట్టులో ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే అది నేరం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. అమ్మను ఒక్కదాన్నే అడగనివ్వకండి. ఒంటరిగా అడిగిన ఇంటికి మర్నాడు అరువు పుట్టదు. నలుగురు కలిసి వెళ్లండి, నాలుగు ఇళ్ల పుస్తకాలూ పట్టుకెళ్లండి.

మా అమ్మ ఆ రోజు జవాబు చెప్పకుండా వచ్చేసింది. ఆమె తరఫున ఇన్నేళ్లకు నేను చెప్తున్నా: నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. ముందు కాటా ఇటు తిప్పండి.

జై భీమ్.