సైన్సు నోట్సులో సొంత వాక్యం

జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఫిజికల్ సైన్సు చెబుతాను. బాష్పీభవనం అంటే ఏమిటని అడిగితే గైడులో ఉన్నది పొల్లుపోకుండా అప్పజెబుతారు. మట్టికుండలో నీళ్లెందుకు చల్లబడతాయో రాయమంటే మాత్రం పెన్ను కదలదు. ఒక అమ్మాయి రాసింది: "కుండ బయట చెమ్మ ఉంది. అది ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతోంది." అక్షరదోషాలున్నా పూర్తి మార్కులేశాను. వాటిని దిద్దే పని తెలుగు మాస్టారిదే అనుకోవడం మన జబ్బు.

కుండలాంటి రోజూ చూసే వస్తువుతోనే సైన్సు చెప్పొచ్చు. 1860-61 క్రిస్మస్ సెలవుల్లో శాస్త్రవేత్త ఫారడే లండన్‌లో ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని పిల్లలకు ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మనకూ తెలుగులో సైన్సు పుస్తకాలు రాసిన మహీధర నళినీమోహన్ ఉండేవారు. ఆయన పుస్తకాలు చాలా బళ్లలో బీరువా దాటి రావు. హెడ్మాస్టర్లూ, ఆ తాళం తీయించండి. వారానికో సైన్సు పీరియడు చదువుకీ రాతకీ వదలండి.