కృతజ్ఞత జాబితాలతో రాదు

‘ఈ కాలం పిల్లలకు కృతజ్ఞత తెలియదు. రోజూ మూడు మంచి సంగతులు రాయించాలి, రంగు కాగితాలతో థాంక్యూ కార్డులు చేయించాలి. సైన్సే ఈ మాట చెప్పింది’ అని కొందరు తల్లిదండ్రులకు బోధిస్తున్నారు. ఈ వాదన నిలవదు.

ముందు సైన్సు సంగతి. ఇలాంటి జాబితాలకు పేరు తెచ్చింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనం. అందులో పాల్గొన్నవాళ్లు కాలేజీ విద్యార్థులు, నరాల-కండరాల జబ్బుతో బాధపడే పెద్దలు. పెద్దవాళ్ల మీద తేలిన ఫలితాన్ని, అక్షరాలే కుదురుగా రాయలేని ఐదేళ్ల పిల్ల నెత్తిన రుద్దడం సైన్సు కాదు.

ఇక ‘మన ఇళ్లలో కృతజ్ఞత నేర్పే పద్ధతి లేదు’ అని వినిపించే మాట. తెలంగాణలోని మా తుంగతుర్తి లాంటి ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు. భాద్రపదంలో పెద్దలు పుట్టమన్ను తెచ్చిస్తే ఆడపిల్లలు పీట మీద మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి పూలు పెడతారు. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతుకమ్మ. తంగేడును ఎవరూ నాటరు, నీళ్లు పోయరు. అడగకుండానే పూస్తుంది. గునుగు రైతుకు కలుపు, బతుకమ్మకు సింగారం. ఆ పువ్వు ఎవరి చేను గట్టు మీద దొరికిందో, ఎవరు కోసి తెచ్చారో, రంగు ఎవరు అద్దారో పిల్లకు తెలుసు. సాయంత్రం ఆట అయ్యాక బతుకమ్మను చెరువుకు అప్పగించి, సత్తుపిండి నలుగురికీ పంచుతారు. తీసుకున్నది గుర్తుంచుకోవడం, ఉన్నది పంచడం అక్కడ చేతులతోనే నేర్చుకుంటారు.

‘అది ఆడవాళ్ల పండుగ, మగపిల్లలకేం పని?’ అంటారు. పూలకోసం చేలగట్లు తిరిగేవాళ్లలో మగపిల్లలు లేరా? పండుగ చేసుకోని ఇంట్లోనైనా ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలతో బండి చేయించవచ్చు. చేస్తున్నంతసేపూ చెట్టెక్కి గెల దించిన గీత కార్మికుడి గురించి చెప్పండి. మరునాడు ఆయన కనబడితే ఆ బండి చూపించమనండి. ఖర్చు రూపాయి లేదు.

కార్డులే వద్దని నేననను. ఫలానా అమ్మమ్మకు, ఫలానా పనికి అని పిల్ల తానే చేసి తన చేత్తో ఇస్తే అది మంచిదే. ఎవరికో తెలియకుండా, మార్కులకోసం చేయించిన కార్డు మాత్రం హోంవర్కు అవుతుంది, అంతకు మించి ఏమీ కాదు.

2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. తంగేడు మన రాష్ట్ర పుష్పం. ఆ గౌరవం ఉత్తర్వుల్లోనే మిగిలిపోకూడదు. తల్లులారా, తండ్రులారా! ఈసారి కట్టిన బతుకమ్మను బజారులో కొనకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని పూలకు వెళ్లండి, తాంబాళం వాళ్ల ముందే పెట్టి పేర్చనివ్వండి. వంకరగా వచ్చినా సరిచేయకండి.