పటంలో దొరకని దేశం

2006లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు 18 నుంచి 24 ఏళ్ల లోపు అమెరికన్ యువతకు పటం ఇచ్చి ఇరాక్ ఎక్కడుందో చూపించమన్నారు. 100కి 63 మంది చూపించలేకపోయారు. అప్పటికి వాళ్ల సైన్యం ఆ దేశంలో దిగి దాదాపు మూడేళ్లవుతోంది.

ఈ అంకె చెప్పగానే మన సభల్లో నవ్వులు వినిపిస్తాయి. నాకు నవ్వు రాదు. ఆ పిల్లలు మొద్దులేం కారు. వాళ్లకి చెప్పవలసింది చెప్పకుండా, అమ్మవలసిందంతా అమ్మి బడి నుంచి పంపించారు. అమెరికా యుద్ధాలు వేరు, అమెరికా కొనుగోళ్ల పిచ్చి వేరు, అమెరికా బడి వేరు అని విడివిడిగా చూసినంత కాలం మనం ఖండన తీర్మానాలు రాస్తూనే ఉంటాం.

అక్కడ ప్రభుత్వ బడికి వచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్ను. ఖరీదైన ఇళ్లున్న చోట మంచి బడి, లేనిచోట లేదు. ఇది అన్యాయమని టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి పేద మెక్సికన్ అమెరికన్ తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, చదువు తమ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని 1973లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. 2002లో రాజ్యాంగ సవరణతో మనకి ఆ హక్కు కాగితం మీదయినా వచ్చింది. ప్రపంచానికి హక్కులు నేర్పే దేశంలో కాగితం మీద కూడా లేదు!

మా పిన్ని కూతురు అక్కడ ఇల్లు కొంటూ ఫోన్ చేసింది. "గదులు ఎన్నున్నా సర్దుకుంటాం అక్కా, ముందు స్కూలు రేటింగు చూడాలి. అందుకే ఆ ఏరియాలో అంత రేట్లు" అంది. తనని తప్పు పట్టను, కొనగలిగిన ఏ తల్లయినా అదే చేస్తుంది. కాని ఇంటితో పాటు బడిని కూడా కొనుక్కోవలసిన చోట, కొనలేని తల్లి బిడ్డకు మిగిలేదేమిటి?

టీవీ మిగిలింది. 1990లో మొదలైన ఛానల్ వన్ అనే సంస్థ బడులకు టీవీలు ఊరికే ఇచ్చింది. బదులుగా పిల్లలు తరగతిలో కూర్చుని రోజూ 12 నిమిషాల కార్యక్రమం చూడాలి. అందులో 2 నిమిషాలు వ్యాపార ప్రకటనలు. నిధుల్లేని బడులే దీనికి ఎక్కువగా ఒప్పుకున్నాయి. 2018లో మూతపడేదాకా ఈ బేరం సాగింది.

తర్వాతి గిరాకీ సైన్యం. ఏ బిడ్డా వెనకబడకూడదని 2002లో అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టిన విద్యా చట్టంలో ఒక నిబంధన ఉంది. కేంద్ర నిధులు తీసుకునే హైస్కూళ్లు పిల్లల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు అడిగిన వెంటనే సైనిక భర్తీ అధికారులకివ్వాలి. తల్లిదండ్రులు వద్దని రాసిస్తేనే ఆపుతారు. 2015లో ఆ చట్టం స్థానంలో మరొకటి వచ్చింది. నిబంధన మాత్రం పోలేదు.

ఇక పెద్దల చదువు చూడండి. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన 16 రోజులకు అదే బుష్ చికాగో విమానాశ్రయంలో నిలబడి, కుటుంబాల్ని తీసుకుని డిస్నీ వరల్డ్‌కి వెళ్లండని ప్రజలకు చెప్పాడు. దుఃఖంలో ఉన్న జాతికి నాయకుడు చూపిన దారి అది! 2003లో ఇరాక్ మీద దాడి చేశారు. చిన్న వ్యాపారులు భారీ వాహనాలు కొంటే 1,00,000 డాలర్ల దాకా ఆదాయపు లెక్కలోంచి తీసేసుకోవచ్చని పన్ను చట్టం మార్చిందీ ఆ ఏడాదే. సైనిక వాహనం పోలికలతో తయారైన హమ్మర్ కొన్నవాళ్లకీ ఆ రాయితీ వర్తించింది. ప్రపంచ జనాభాలో 20వ వంతు కూడా లేని దేశం ఆ రోజుల్లో ప్రపంచపు చమురులో నాలుగో వంతు తాగేది.

స్త్రీలు అధికారంలోకి వస్తే యుద్ధాలు తగ్గుతాయని మనలో కొందరి ఆశ. వాళ్లకి మడలిన్ ఆల్‌బ్రైట్‌ని గుర్తు చేయాలి. 1996లో ఆమె ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి. ఆంక్షల వల్ల ఇరాక్‌లో అయిదు లక్షల మంది పిల్లలు చనిపోయారంటున్నారు, అంత మూల్యం తగునా అని టీవీలో ఒక స్త్రీయే అడిగింది. తగునని ఆమె జవాబు. ఆ అంకె సరికాదని తర్వాత తేలింది, ఆ జవాబుకి తర్వాత ఆమె ఆత్మకథలో పశ్చాత్తాపపడింది కూడా. అయినా ఆ మరుసటి ఏడాదే ఆమెను విదేశాంగ మంత్రిని చేశారు.

పటం నేర్పని చదువు బుల్లెట్టు ఎక్కడ తగులుతుందో మనకి తెలుసు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒకడు ఇరానీయులనుకుని ఇద్దరు భారతీయుల మీద కాల్పులు జరిపాడు. చనిపోయింది మన హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు. కాల్చినవాడు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు.

మా పిన్ని కూతురి కొడుకు నిరుడు అక్కడ హైస్కూల్లో చేరాడు. సైన్యానికి వాడి పేరు ఇవ్వొద్దని రాసిచ్చావా అని అడిగాను.

"అలా రాసివ్వాలా అక్కా? మాకెవరూ చెప్పలేదే" అంది.